రద్దుకు కారణం

బుధవారం తెల్లవారుజామున డిపో కంట్రోల్ రూములో చార్టు రాస్తున్న జ్యోతిర్మయి పెన్ను ముప్పై ఒకటో వరుస దగ్గర ఆగింది. ఆ రోజు ఏ బస్సు ఏ రూటుకు పోవాలో, ఏ డ్రైవరు, ఏ కండక్టరు ఎక్కాలో రాసేదే చార్టు. ఆమె రాసి, కిటికీలోంచి లాగ్ షీటు అందిస్తే తప్ప గేటులోంచి బండి కదలదు. ముప్పై ఒకటో వరుస రాళ్లవాగుపాలేనిది. క్వారీల వెనక ఉన్న ఆ ఊరికి రోజుకు రెండే ట్రిప్పులు. ఐదూ నలభై ఐదుకు డిపోలో బయల్దేరి, ఊళ్ళో జనాన్ని ఎక్కించుకుని, క్వారీ అడ్డరోడ్డు మీదుగా నరసరావుపేట పోయేది ఒకటి. సాయంత్రం వాళ్ళను తిరిగి దింపేది ఒకటి.

గ్యారేజీ నుంచి వచ్చిన చీటీలో స్పేరు బస్సులు నాలుగని ఉంది. బస్సులు అద్దెకిచ్చే స్పెషల్ హైరు రిజిస్టరులో ఐదు కావాలని ఉంది. ఎరువుల కొట్టు నరసింహారావు గారి అమ్మాయి కన్యక పెళ్ళి. ఈ రోజు నరసరావుపేటలో కల్యాణ మండపానికి ఐదు బస్సులు. ఎల్లుండి శుక్రవారం మాచర్లలో మగపెళ్ళివారింట వ్రతానికి మళ్ళీ ఐదు.

ఆమె డిపో మేనేజరు గోపాలరావుకి ఫోను చేసింది.

"నాలుగే ఉన్నాయి సార్. ఐదోది ఎక్కడ్నించి తియ్యమంటారు?"

"రాళ్లవాగుపాలెం తీసెయ్. కలెక్షను లేని రూటు అది."

"ఎక్కేవాళ్ళు ఉంటారు గదా సార్."

"ఉంటే ఆటోల్లో వస్తార్లే. కారణం రిపేరని రాయి." ఫోను పెట్టేశాడు.

చార్టులో చివరి గడికి పైన 'రద్దుకు కారణం' అని అచ్చు వేసి ఉంటుంది. జ్యోతిర్మయి అందులో 'రిపేరు' అని రాసింది. రెండు నెలల్లో ఇది ఐదోసారి. మొదటిసారి రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. ఇప్పుడు ఆ మాట దానంతట అదే కాగితం మీద పడింది. అట్లా పడటం ఆమెకు నచ్చలేదు. నచ్చకపోయినా కాగితం తిప్పి తర్వాతి వరుస రాసుకుంటూ పోయింది.

సంతకం పెట్టడానికి డ్రైవరు ఏసోబు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇంకో మూడేళ్ళలో రిటైరయ్యే మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చార్టు చూశాడు.

"నా బండికి రిపేరేంది జ్యోతమ్మా? రాత్రే బ్రేకులు చూపించి పెట్టా."

"పెళ్ళికి వేశారు బాబాయ్."

"ఓహో" అన్నాడు ఏసోబు. అద్దాలు ముక్కు మీదికి దించి, తన పేరు ఎదురుగా నెమ్మదిగా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. కాసేపటికి పెళ్ళివారి మనుషులు వచ్చి బస్సు ముందు రెండు పక్కలా అరటి పిలకలు కట్టారు. అద్దం మీద ఉన్న రాళ్లవాగుపాలెం బోర్డు ఎవరో పీకి సీటు కింద పడేశారు.

*

మధ్యాహ్నం రెండింటికి ఆమె డ్యూటీ దిగబోతుండగా కిటికీ దగ్గర ఒక ముసలావిడ నిలబడింది. ముదురు నీలం చీర, కొంగు నడుముకి దోపుకుని ఉంది. చేతిలో హాస్పిటలు ఫైలు ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. వెనక సిమెంటు బెంచీ మీద ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాదాలు చెప్పుల్లో పట్టనంత వాచి ఉన్నాయి.

"బస్సులు పంపేది నువ్వేనా అమ్మాయ్?"

"అవునమ్మా."

"మాది రాళ్లవాగుపాలెం. నా పేరు సుబ్బమ్మ. పొద్దున మా బస్సు రాలా. ఫోను చేస్తే రిపేరన్నారు. ఏం రిపేరు?"

జ్యోతిర్మయి చార్టు వైపు చూసింది.

"ఎందుకడుగుతున్నానంటే," సుబ్బమ్మ తొందర లేకుండా చెప్పింది, "మా ఆయనకి కిడ్నీలు పోయినయ్. సోమారం, బుధారం, శుక్రారం పేటలో మిషనెక్కాల. తొమ్మిదింటికి అక్కడుండాల. బస్సు రాలేదని అడ్డరోడ్డు దాకా నడిపించుకొచ్చా. మూడు మైళ్ళు. నాలుగుచోట్ల కూర్చోబెట్టా. రోడ్డెక్కినాక చూస్తే మా బస్సే వస్తంది. అరిటి చెట్లు కట్టుకుని. పక్కన గీరుకుపోయిన గీత ఉంటది గదా, ఆ బస్సే. ఆగిద్దని చెయ్యెత్తా. మా ముందు నుంచే పోయింది. లోపల పిల్లలు టాటా చెప్పారు."

"తర్వాత ఎట్లా వెళ్ళారు?"

"రాళ్ళ లారీ ఆపి ఎక్కించా. పోయేటప్పటికి పదిన్నర. వాళ్ళు మాత్రం ఎంతసేపు చూస్తారు? మిషను ఇంకొకళ్ళకి ఇచ్చారు. మళ్ళీ శుక్రారమే మీ వంతన్నారు. మధ్యలో ఎవరన్నా రాకపోతే ఫోను చేస్తామన్నారు." ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. "సోమారం ఎక్కాడు. శుక్రారం దాకా ఒంట్లో నీళ్ళు నిలబడితే ఎట్టా ఉంటాడో నాకు తెలవదు. పడుకుంటే ఊపిరాడట్లా. నేను తిట్టటానికి రాలా అమ్మాయ్. శుక్రారం బస్సు వచ్చిద్దా రాదా, అంతవరకు చెప్పు."

శుక్రవారం వరుసలో ఏం రాయాల్సి ఉందో జ్యోతిర్మయికి తెలుసు. వస్తుందని చెబితే అబద్ధం. రాదని చెప్పడానికి నోరు రాలేదు.

"రేపు సాయంత్రం నేనే ఫోను చేసి చెప్తాను. మీ నంబరు ఇవ్వండి."

సుబ్బమ్మకు నంబరు నోటికి రాదు. ఫోను తీసి కిటికీలోంచి ఇచ్చింది. జ్యోతిర్మయి ఆ ఫోనుతో తన ఫోనుకు రింగిచ్చుకుని తిరిగి ఇచ్చేసింది. సుబ్బమ్మ వెళ్ళి భర్తను చంకల కింద చేతులు వేసి లేపింది. పెదకోటయ్య ఒకప్పుడు క్వారీలో రాళ్ళెత్తిన మనిషని ఆ భుజాల వెడల్పు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క అడుగూ ఆలోచించి వేస్తున్నాడు. వాళ్ళు ప్లాట్‌ఫారం చివరికి చేరేదాకా జ్యోతిర్మయి కిటికీ మూయలేదు.

*

ఇంటికి పోవాల్సిన మనిషి పోలేదు. బీరువాలోంచి స్పెషల్ హైరు ఫైలు తీసి బల్ల మీద పెట్టుకుంది. పైనంతా బుకింగు కాగితాలు. అడుగున దారంతో కుట్టిన నాలుగు పేజీల రూల్సు ఉన్నాయి. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టించుకున్నారు గాని చదవమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వేలు పెట్టి చదివింది.

ప్రజల డబ్బుతో కొన్న బస్సు మొదట టిక్కెట్టు కొని ఎక్కేవాళ్ళది. వాళ్ళ ట్రిప్పులన్నీ నడిచాక మిగిలిన బస్సులనే అద్దెకు ఇవ్వాలి. అద్దె కోసం ట్రిప్పు రద్దు చెయ్యకూడదు. తప్పనిసరైతే రీజనల్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. బస్సులు చాలకపోతే ఆ సంగతి పార్టీకి ముందే చెప్పి, కట్టిన సొమ్ము వెనక్కి ఇచ్చి, ప్రైవేటు వాళ్ళ దగ్గర ఏర్పాటు చేసుకునే వీలు కల్పించాలి. ఇది ఏడో రూలు.

ఫైలు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. గోపాలరావు అన్నం తిని, క్యారేజీ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు. చెడ్డవాడని ఆయన్ని డిపోలో ఎవరూ అనరు. ఒక డ్రైవరు ఆపరేషనుకు తన జేబులోంచి డబ్బిచ్చిన మనిషి.

ఆమె సుబ్బమ్మ చెప్పిందంతా చెప్పింది. తర్వాత ఏడో రూలు చూపించింది.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇది చదివినవాళ్ళని నిన్నే చూశా" అన్నాడు ఆయన. నవ్వలేదు. "కూర్చో. మన డిపో నష్టాల్లో ఉంది. పైవాళ్ళు రూట్లు కొయ్యమంటే ముందు కోసేది ఏది? రాళ్లవాగుపాలెమే. పెళ్ళిళ్ళకి తిప్పి నాలుగు డబ్బులు చూపిస్తున్నా కాబట్టి ఆ రూటు ఇంకా నిలబడి ఉంది."

"నిలబడేది రూటా సార్, కాగితం మీద దాని పేరా?"

గోపాలరావు చివరి గిన్నె పెట్టి క్యారేజీ కొక్కెం బిగించాడు.

"శుక్రవారం కూడా పార్టీకి ఐదు బస్సులు పోవాలి. మాటిచ్చాను."

"అయితే రాళ్లవాగుపాలెం ఆపమని రాసివ్వండి సార్."

"రాసివ్వాలా?"

"రూల్లో అట్లాగే ఉంది సార్."

"జ్యోతిర్మయీ, నీ ప్రొబేషను ఫైలు ఎక్కడుందో తెలుసా?" ఆయన బల్ల సొరుగు తెరవలేదు. దాని మీద వేలితో తట్టాడు. "ఈ నెలాఖరుకు నేను సంతకం పెడితే నువ్వు పర్మనెంటు. పనులు నోటి మాట మీద నడుస్తయ్. అన్నీ రాసిమ్మంటే డిపో నడవదు. ఇక వెళ్ళు."

ఆమె లేచింది. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

*

గురువారం గోపాలరావు మీటింగు కోసం గుంటూరు వెళ్ళాడు. ఏసోబు కంట్రోల్ రూము బయట నిలబడి, పిలవకుండానే మాట్లాడాడు.

"నిన్న అడ్డరోడ్డు కాడ చెయ్యెత్తింది జ్యోతమ్మా, సుబ్బమ్మ. పదేళ్ళ నుంచి నా బండెక్కే మనిషి. బ్రేకు మీద కాలేశా. పక్కన కూర్చున్న పెళ్ళాయన 'ఏయ్, ముహూర్తం టైమయింది, పోనియ్' అన్నాడు. పోనిచ్చా." ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు. "అద్దంలో చూశా. చెయ్యి ఇంకా దించలా ఆవిడ."

"రేపు ఆ బండి రాళ్లవాగుపాలెమే పోతుందని రాస్తే తోలతావా బాబాయ్?"

"నువ్వు షీటిస్తే తోలటానికి గదా నేనుంది."

రెండింటికి డ్యూటీ దిగి ఆమె బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళింది. దాని యజమాని యోగేశ్‌కి రెండు బస్సులు. ఒక దాని టైరు విప్పించి పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆమె డిపో మనిషని గుర్తుపట్టి కుర్చీ వెయ్యలేదు.

"రేపు మీ బస్సు ఖాళీగా ఉందా?"

"ఖాళీగా లేక ఏం చేస్తదండి? బండికి టాక్సు మేం కడతాం, డీజిలు మేం కొంటాం. అప్పు తెచ్చి కొన్న బళ్ళు. మీరేమో ఊళ్ళోళ్ళు ఎక్కే బస్సు లాక్కొచ్చి సగం రేటుకి పెళ్ళిళ్ళకి తోల్తారు. మీతో పోటీ పడి ఎట్టా బతకాలి?"

"మిగిలిన బస్సులు ఇవ్వడానికి మాకు హక్కుంది. మిగలనివి ఇవ్వడానికి లేదు. అది చెప్పడానికే వచ్చాను" అని ఆమె నరసింహారావు సంగతి చెప్పింది. "నేను బేరం చెయ్యను. ఆయనకు ఏ ట్రావెల్స్ పేరూ చెప్పను. ఆయన వచ్చి అడిగితే మీకూ ఆయనకూ మధ్య మాట. నాకు మాత్రం ఏమీ వద్దు. ఆఖరికి ఒక టీ కూడా."

యోగేశ్ ఆమెను ఎగాదిగా చూసి, కుర్చీ మీద గుడ్డతో ఒకసారి కొట్టాడు. కూర్చోమనే లోపు ఆమె రోడ్డు దాటింది.

నరసింహారావు ఎరువుల కొట్టు ముందు ఇంకా పందిరి ఉంది. ఆయన పెళ్ళి అలసటతో గొంతు బొంగురుపోయి, బస్తాల మధ్య మడత మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య రాజ్యలక్ష్మి వ్రతానికి తీసుకుపోవాల్సిన సామాను జాబితా చదువుతోంది. జ్యోతిర్మయి రూలు చెప్పింది. నాలుగు బస్సులే వస్తాయని, ఐదోదాని సొమ్ము ఆఫీసు తిరిగి ఇస్తుందని, ప్రైవేటు బస్సు చూసుకోవచ్చని చెప్పింది. తర్వాత, నిన్న వాళ్ళెక్కిన బస్సు ఎవరిదో, అది రాక మిషను ఎవరికి తప్పిపోయిందో కూడా చెప్పింది.

"మాకు స్పేరు బస్సులని చెప్పారమ్మా" అన్నాడు నరసింహారావు.

"నాలుగు స్పేరేనండి. ఐదోది కాదు."

"నేనేమీ దొంగతనంగా తెచ్చుకోలా. డబ్బు కట్టి రసీదు తీసుకున్నా. ఇప్పుడు వచ్చి ఎవరో మిషనెక్కాలంటే, అది నా తప్పెట్టా అయిద్ది?"

"మీ తప్పని నేననలేదండి. తప్పు రాసింది నేను."

రాజ్యలక్ష్మి జాబితా మడిచింది. "ఆయన ఎట్టా ఉన్నాడు?" అని అడిగింది.

"ఎవరమ్మా?"

"ఆ మిషనెక్కాల్సినాయన."

"తెలియదండి. శుక్రవారం దాకా ఎట్లా ఉంటాడో తెలియదని వాళ్ళావిడే అంది."

రాజ్యలక్ష్మి భర్త వైపు తిరిగింది. "బస్సు ఏ రంగైతే మనకేంది? వియ్యాలవారి ముందుకి టయానికి పోవాల, అంతే గదా. మాట్లాడండి బస్టాండు ఎదురుగా ఉన్న ట్రావెల్సాయనతో."

నరసింహారావు విసుగ్గా చొక్కా తగిలించుకున్నాడు. "మీ మేనేజరు ఒకటి చెప్తాడు, నువ్వొకటి చెప్తావు. రేపు నాలుగుకీ ఏమన్నా తేడా వస్తే నేను డిపో ముందే కూర్చుంటా" అన్నాడు. ఐదో బస్సు వద్దని ఒక కాగితం రాసివ్వమంటే మాత్రం బిల్లు పుస్తకంలోంచి చించి, నిలబడే రాసిచ్చాడు.

ఆ కాగితం ఫోటో తీసి ఆమె గోపాలరావుకి వాట్సాప్‌లో పంపింది. 'పార్టీ నాలుగు బస్సులకు ఒప్పుకున్నారు సార్. రేపు రాళ్లవాగుపాలెం నడుపుతున్నాను' అని కింద రాసింది. రెండు టిక్కులూ నీలంగా మారాయి. జవాబు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

చీకటి పడకముందే సుబ్బమ్మకి ఫోను చేసింది. "బస్సు వస్తుందమ్మా" అంది. ఆ మాట అన్నాక ఇంక వెనక్కి పోవడానికి దారి లేదని ఆమెకు తెలుసు. అందుకే అన్నది.

*

శుక్రవారం చార్టులో ముప్పై ఒకటో వరుస రాసేటప్పుడు ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు. బస్సు నంబరు, ఏసోబు పేరు, కండక్టరు నాగమల్లేశ్వరి పేరు. చివరి గడి ఖాళీగా వదిలింది. నాగమల్లేశ్వరి టిక్కెట్ల మిషను మెడలో వేసుకుని కిటికీ పక్కన నిలబడింది. ఏసోబు ఇంజను వేసి కిందికి దిగి టైర్లు తన్ని చూస్తున్నాడు.

ఐదూ నలభైకి గేటు దగ్గర గోపాలరావు స్కూటరు ఆగింది. ఆయన ఎప్పుడూ తొమ్మిదికి ముందు రాడు. తల కూడా దువ్వుకోలేదు. నేరుగా కంట్రోల్ రూములోకి వచ్చాడు.

"ఆ బండి ఎక్కడికి?"

"రాళ్లవాగుపాలెం సార్."

"ఆపు దాన్ని. మాచర్లకి వెయ్యి."

"పార్టీ నాలుగు చాలని రాసిచ్చారు సార్. మీకు పంపాను."

"చూశా." గొంతు తగ్గించాడు. "నిన్న నువ్వు ట్రావెల్స్ ఆఫీసుకు పోయిన సంగతి నాకు తెలిసింది. మనకొచ్చే ఆదాయం తీసుకెళ్ళి ప్రైవేటు వాడి చేతిలో పెట్టావు. ఆ ట్రావెల్స్ వాడు నీకేమిచ్చాడు?"

ఆ మాట నాగమల్లేశ్వరికి వినపడింది. ఆమె తల పక్కకు తిప్పుకుంది. జ్యోతిర్మయి ముఖంలోకి రక్తం ఒక్కసారిగా ఎక్కింది. చార్టు తీసి ఆయన ముందు పరిచి, పెన్ను మూత తీసి దాని పక్కన పెట్టింది.

"బండి ఆపుతాను సార్. ఈ గడిలో కారణం మీరు రాసి, పక్కన సంతకం పెట్టండి."

"రిపేరని నువ్వు రాయి."

"అది నేను ఐదుసార్లు రాశాను సార్. ఇంక నా చేత్తో రాయను. మీరు రాయండి."

గోపాలరావు పెన్ను తీసుకున్నాడు. గడి మీదికి వంగాడు. బయట ఇంజను చప్పుడు సన్నగా, ఎక్కడా తడబడకుండా వినిపిస్తోంది. గ్యారేజీ మెకానిక్కులు ఇద్దరు చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగారు. ఏసోబు కిటికీకి అవతల నిలబడ్డాడు. పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో చాలాసేపు ఉంది. తర్వాత ఆయన దాన్ని బల్ల మీద పడేశాడు.

"నీ సంగతి పదకొండింటికి చూస్తా" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

జ్యోతిర్మయి గోడ గడియారం చూసింది. ఐదూ నలభై ఎనిమిది. లాగ్ షీటు కిటికీలోంచి ఏసోబుకిచ్చింది. "మూడు నిమిషాలు లేటు బాబాయ్. దార్లో కలుపుకో."

పెళ్ళివారి నాలుగు బస్సులు ఏడింటికి వెళ్ళాయి. ఐదోది యోగేశ్ పంపిన ఎర్ర బస్సు. అందులో సీట్లు మెత్తగా ఉన్నాయని ముందు దాంట్లోనే ఎక్కడానికి పెళ్ళివారు తోసుకున్నారట.

పదకొండింటికి అటెండరు మెమో తెచ్చి ఇచ్చాడు. అది గోపాలరావు స్వయంగా టైపు చేయించి సంతకం పెట్టిన కాగితం. 'శుక్రవారం స్పెషల్ హైరుకు కేటాయించిన రాళ్లవాగుపాలెం సర్వీసు బస్సును నా ఆదేశానికి విరుద్ధంగా అదే రూటుకు పంపి, సంస్థకు రావలసిన ఆదాయాన్ని ప్రైవేటు ఆపరేటరుకు మళ్ళించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపాలి.'

మొదటిసారి చదివినప్పుడు 'చర్య' అన్న మాట ఒక్కటే కనిపించింది. రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే ఆమె చూపు వేరే మాటల దగ్గర ఆగింది. స్పెషల్ హైరుకు కేటాయించిన రాళ్లవాగుపాలెం సర్వీసు బస్సు. నా ఆదేశం. బుధవారం ఆమె ఎంత అడిగినా ఇవ్వని రాత ఇది. తేదీతో, సంతకంతో, సీలుతో ఉంది.

ఆమె లేచి టపాలు చూసే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, దాన్ని ఆఫీసు రిజిస్టరులోకి ఎక్కించి, మెమోకు ఇన్‌వార్డు నంబరు వేయించుకుంది.

మధ్యాహ్నం సుబ్బమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. పేట నుంచి తిరిగొచ్చి సాయంత్రం బస్సు కోసం చూస్తున్నారు. పెదకోటయ్య బెంచీ మీద కూర్చుని అరటిపండు ఒలుచుకుంటున్నాడు. సుబ్బమ్మ దండం పెట్టలేదు, చల్లగా ఉండమని దీవించలేదు.

"సోమారం వచ్చిద్దా?" అని అడిగింది.

"వస్తుందమ్మా."

"ఆదివారం, సోమారం లగ్గాలు చానా ఉన్నయ్యంటగా."

"ఉన్నా వస్తుంది."

సుబ్బమ్మ ఆమె ముఖం కాసేపు చూసి, తల ఊపి, భర్త దగ్గరికి వెళ్ళింది.

*

ఆదివారమంతా కూర్చుని జ్యోతిర్మయి జవాబు రాసింది. రూలు నంబరు రాసింది. నరసింహారావు ఇచ్చిన కాగితం జత చేసింది. తాను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని ఒక్క వాక్యంలో రాసి ఊరుకుంది. అక్కడితో ఆపితే తన మీద ఏమీ పడదు. చాలాసేపు పెన్ను పళ్ళ మధ్య పెట్టుకుని, నాలుగో పేరా మొదలుపెట్టింది. 'గత రెండు నెలల్లో ఈ కింది ఐదు తేదీల్లో అదే సర్వీసు అద్దె కోసం రద్దయింది. ఆ ఐదు రోజులూ కారణం రిపేరని రాసినది నేనే. అది అబద్ధం. ఆ తేదీల్లో ఆ బస్సు రిపేరుకు రాలేదని గ్యారేజీ రిజిస్టరు చూస్తే తెలుస్తుంది.' తేదీలు ఒకదాని కింద ఒకటి రాసింది.

సోమవారం రాళ్లవాగుపాలెం బస్సు టైముకి వెళ్ళాక గోపాలరావు దాన్ని ఆమె ముందే చదివాడు. నాలుగో పేరా దగ్గర కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది తీసెయ్. నీకే దెబ్బ."

"తెలుసు సార్."

"తెలిసి ఎందుకు రాసినట్టు?"

"ఇది లేకపోతే శుక్రవారం ఒక్కరోజు గొడవలాగా ఉంటుంది సార్. ఐదు రోజుల సంగతి ఎక్కడా ఉండదు. ఆ రోజుల్లో కూడా ఎవరో ఒకళ్ళు చెయ్యెత్తే ఉంటారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీలోంచి గ్యారేజీ వైపు చూశాడు.

"సరే. మెమో నేను వెనక్కి తీసుకుంటా. ఆ కాగితం ఇటివ్వు. ఈ జవాబు చింపేద్దాం. నీ ప్రొబేషను ఇప్పుడే సంతకం పెడతా." ఈసారి సొరుగు నిజంగానే తెరిచాడు.

ఫైలు పైకి వచ్చింది. తన పేరు దాని అట్ట మీద ఆమెకు తలకిందులుగా కనిపించింది. ఇంట్లో ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్న మనుషులు ఒక్కక్షణం కళ్ళ ముందు నిలబడ్డారు.

"మెమోకు నంబరు పడింది సార్. నేనే వేయించాను" అంది. "నంబరు పడ్డ కాగితానికి జవాబు పైకి పోవాలి గదా."

గోపాలరావు ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం ఉంది గాని, శుక్రవారం నాటి అనుమానం లేదు. ఆయన ఫైలు తిరిగి సొరుగులో పెట్టి, జవాబు మీద 'పైకి పంపడమైనది' అని రాసి సంతకం చేశాడు.

పది రోజులకు రీజనల్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి గ్యారేజీ రిజిస్టరు, చార్టులు పక్కపక్కన పెట్టుకుని రెండు పూటలు కూర్చున్నాడు. ఏసోబుని అడిగితే అద్దంలో చూసిందంతా చెప్పాడు. నెల తిరగకముందే ఉత్తర్వులు వచ్చాయి. గోపాలరావుకి హెచ్చరిక. తప్పుడు కారణాలు రాసినందుకు జ్యోతిర్మయి ప్రొబేషను ఇంకో ఆరు నెలలు పొడిగింపు. ఇకపై స్పెషల్ హైరు బుకింగుల మీద చార్టు రాసే కంట్రోలరు సంతకం లేనిదే రసీదు ఇవ్వకూడదని మూడో ఉత్తర్వు.

ఆరు నెలలన్న మాట చదివి ఆమె ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు తెల్లవారుజామున మామూలుగానే వచ్చి చార్టు ముందు కూర్చుంది.

ఆ వారంలోనే ఒక రోజు గోపాలరావు తన గదిలోకి పిలిపించాడు. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "అవునండి... అట్లాగేనండి... కాదండి" అంటున్నాడు. నుదురు చెమట పట్టి ఉంది. ఎదురుగా కాగితం మీద ఒక పెద్ద నాయకుడి సభ తేదీ రాసి ఉంది. ఆమె లోపలికి రాగానే, "ఒక్క నిమిషం, మా కంట్రోలరు గారు మాట్లాడతారు" అని ఫోను ఆమె చేతికిచ్చాడు.

'గారు' అనడం ఆమె గమనించింది.

"నమస్తే అండి. ఎన్ని కావాలి?"

"సభకి పన్నెండు బస్సులమ్మా. ఆ రోజు పొద్దున్నే పంపాలి. మీ మేనేజరు ఏందో నసుగుతున్నాడు."

జ్యోతిర్మయి గోడ మీది బోర్డు చూసింది. ఆ తేదీకి నాలుగు స్పేరు బస్సుల్లో ఒకటి ఇంజను పనికి విజయవాడ పోతోంది.

"మూడున్నాయండి."

అవతల ఎవరో పక్కన ఉన్నవాళ్ళతో గుసగుసలాడటం, ఒక కుర్చీ జరగడం వినిపించింది. గోపాలరావు కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకున్నాడు. ఆమె ఫోను పెట్టెయ్యలేదు, గొంతు పెంచలేదు. బల్ల మీది బుకింగు రిజిస్టరు దగ్గరికి లాక్కుని పేజీ తెరిచింది.

"మూడింటికి ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగింది.